96 కేబీల గడప

"ఎక్కుతలేదక్కా."

చండ్రుగొండలో నా నెట్ సెంటర్ కౌంటరు దగ్గర నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. ఫొటో ఎక్కుతలేదు, కులం సర్టిఫికెట్ ఎక్కుతలేదు, బ్యాంకు పాస్‌బుక్కు ఎక్కుతలేదు. మా వైపు మాటల్లో మనుషులు బస్సు ఎక్కినట్టే కాగితం సైటుకు ఎక్కాలి. ఎక్కకపోతే "కేబీ తగ్గించు" అంటారు. బడి మొహం చూడని వాళ్లకు కూడా కేబీ అంటే ఏదో బరువు లాంటిదని తెలిసిపోయింది. జిరాక్స్, లామినేషన్, ఆన్‌లైన్ అని బోర్డు కట్టిన ప్రతి కొట్టులోనూ ఈ కేబీ తగ్గించే పని పొద్దస్తమానం నడుస్తూనే ఉంటుంది. ముప్ఫై ఏళ్లుగా కాగితాల మధ్యే బతుకుతున్నదాన్ని కాబట్టి, ఈ పని ఎట్లా పుట్టిందో, ఎక్కడ చిక్కుపడిందో నాకు తెలిసినంత రాసిపెడుతున్నాను.

నేను టైపు నేర్చుకున్నది 1993లో, కొత్తగూడెంలో. ఇక్కడి నుంచి బస్సులో గంట దారి. లోయరు పాసై, పాత మిషను ఒకటి కొని, ఎమ్మార్వో ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో బల్ల వేసుకున్నాను. 1985లో మండలాలు వచ్చాక తాలూకా దాకా పోవాల్సిన పనులు మండలానికి దిగాయి. వాటి వెంటే అర్జీలు రాసేవాళ్లు, టైపు కొట్టేవాళ్లు దిగారు. అప్పుడు కాగితానికి హద్దు లేదని కాదు. కార్బన్ పెట్టి కొడితే ఒరిజినల్ కింద మూడు కాపీలు చదవనొచ్చేవి, నాలుగోది మసక. "ఒక్క పేజీలో ముగించమ్మా, రెండో పేజీ సారు చూడరు" అని ఆఫీసు అటెండరు ముందే చెప్పేవాడు. టెలిగ్రాం ఇవ్వాలంటే మాటలు లెక్కబెట్టి డబ్బు కట్టాలి. 2013 జూలైలో టెలిగ్రాం ఆగిపోయేదాకా ఆ లెక్క అట్లాగే సాగింది. అయితే ఆ హద్దులన్నీ మనిషి నోటితో చెప్పినవి. కాగితం తిరిగొస్తే ఎందుకొచ్చిందని అడగడానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు.

1999లో కంప్యూటరు కొన్నాను. పేజ్‌మేకరు, అను ఫాంట్లు, పెళ్లిపత్రికలు, ఎన్నికల కరపత్రాలు. తయారైన పేజీని ఫ్లాపీలో వేసి ఖమ్మం ప్రెస్సుకు పంపేదాన్ని. ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ. పెళ్లికొడుకు ఫొటో కాస్త పెద్దదైతే చాలు, పట్టేది కాదు. ఫైలు సైజు అనే మాట నా నోటికి అలవాటైంది అప్పుడే.

2004లో ఫోను లైను మీద ఇంటర్నెట్ పెట్టించాను. ఆ మోడెం మన వైపు నుంచి పంపగలిగేది మహా అయితే సెకనుకు 33.6 కిలోబిట్లు, అంటే నాలుగు కేబీలు. 50 కేబీల ఫొటో పోవడానికి పన్నెండు సెకన్లు. ఒక ఎంబీ పోవాలంటే నాలుగు నిమిషాలు, మధ్యలో లైను తెగితే మళ్లీ మొదటికి. అందుకే దరఖాస్తుల్లో ఫొటో 50 కేబీ, సంతకం 20 కేబీ అని పెట్టినప్పుడు నాకు కోపం రాలేదు. ఆ అంకె పెట్టినవాళ్లకు మా లైను సంగతి తెలుసనిపించింది. ఇప్పుడు ఏ ఫోనుతో తీసినా ఫొటో మూడు నాలుగు ఎంబీలు ఉంటుంది, లైను కూడా దాన్ని మోయగలదు. అయినా చాలా ఫారాల్లో ఆ 50, ఆ 100 అట్లాగే ఉన్నాయి. లైను మారింది, అంకె మారలేదు.

అసలు వెబ్ పేజీలోంచి ఫైలు పంపే ఏర్పాటు మొదట లేదు. పెట్టెల్లో అక్షరాలు నింపి పంపడమే ఉండేది. ఫైలును కూడా ఫారంలో పెట్టి పంపే పద్ధతిని 1995 నవంబరులో ఆర్‌ఎఫ్‌సీ 1867 అనే పత్రంలో రాసిపెట్టారు. రాసిన ఇద్దరూ, నెబెల్, మాసింటర్, జిరాక్స్ కంపెనీ వాళ్లు. మనం ఏ కాపీనైనా ఎవరి పేరుతో పిలుస్తామో ఆ కంపెనీ వాళ్లే కాగితాన్ని వెబ్‌లోకి ఎక్కించే దారి కూడా వేశారని తెలిసినప్పుడు నాకు ముచ్చటేసింది. వెంటనే హద్దులూ వచ్చాయి. బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే పద్ధతి హెచ్‌టీటీపీ, 1997లో వచ్చిన దాని కొత్త రూపంలో 413 అనే నంబరు ఉంది. నువ్వు పంపింది మరీ పెద్దది, తీసుకోను అని దాని అర్థం. 2014లో ఒకసారి, 2022లో ఒకసారి దాని పేరు మార్చారు, అర్థం మాత్రం అదే. ఎంజినెక్స్ అనే సర్వరు ఎవరూ ఏమీ మార్చకపోతే ఒక ఎంబీ దగ్గర ఆపేస్తుంది. సైట్లు రాసే పీహెచ్‌పీ అనే భాష కూడా అట్లాగే ఒక్కో ఫైలును రెండు ఎంబీల దగ్గర ఆపుతుంది. ఈ రెండు అంకెలు ఎంతమంది దరఖాస్తులను వెనక్కి పంపాయో లెక్కకందదు.

ఇక మా కాగితాల సంగతి చెప్పాలి, ఎందుకంటే అసలు చిక్కు అక్కడుంది.

2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి హక్కు అడగాలంటే, 2005 డిసెంబరు 13 కంటే ముందు నుంచే ఆ నేల సాగులో ఉందని చూపాలి. 2008 నియమాల ప్రకారం ఊరి పెద్దలు చెప్పిన మాట రాసి ఇచ్చినా సాక్ష్యమే. కానీ కాగితం ఉంటే దాని బలం వేరు. అందుకని మనుషులు ఎప్పుడో కట్టిన జరిమానా రసీదు, పాత పన్ను చీటీ, తాత పేరు మీది రేషను కార్డు పట్టుకుని వస్తారు. 2021 నవంబరులో పోడు దరఖాస్తులు తీసుకున్నప్పుడు ఊళ్లకు ఊళ్లే ఇట్లా కాగితాల కవర్లు విప్పాయి. 2023 జూన్ ఆఖరున పట్టాల పంపిణీ మొదలయ్యేదాకా మా స్కానరు చల్లబడలేదు. ఆ కవరు ఇంటి చూరు కింద వాసానికి వేలాడుతూ ఉంటుంది. దాని కింద కట్టెల పొయ్యి. ఏళ్ల తరబడి పొగ పట్టి కాగితం టీ రంగుకు తిరిగి, నాలుగు మడతల మీద చిరుగులు పడి, అంచున వాన తడిసిన గుర్తు మిగిలి ఉంటుంది.

ఇప్పుడు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి నిన్న మీసేవలో ప్రింటయిన తెల్లటి సర్టిఫికెట్. రెండోది ఈ పొగ కాగితం. రెండింటినీ ఒకే సైజులో, 150 డీపీఐలో, ఒకే క్వాలిటీలో స్కాన్ చేస్తే నా మిషను మీద మొదటిది 70 కేబీ వచ్చింది, రెండోది 190. జేపెగ్ పద్ధతే అంత. తెల్లగా ఖాళీగా ఉన్న చోటును అది రెండు ముక్కల్లో చెప్పి దాటేస్తుంది. మరక, మడత, బూజు ఉన్నచోట ప్రతి తేడానూ విడిగా రాసుకోవాలి. అంటే తెల్ల కాగితం ఉన్నవాడి దరఖాస్తు తేలిక, పొయ్యి మీద కాగితం దాచుకున్నవాడి దరఖాస్తు బరువు. 100 కేబీ అనే ఒకే గీత ఇద్దరికీ ఒకటి కాదని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ బరువు తగ్గించడమే మా పనితనం. ముందు అంచులు కత్తిరించాలి, స్కానరు మూత నీడ కూడా కేబీలు తింటుంది. తరువాత ఫొటోషాపులో లెవెల్స్ తెరిచి, తెలుపు వైపు గుర్తును నెమ్మదిగా లోపలికి జరిపితే టీ రంగు పోయి కాగితం తెల్లబడుతుంది. ఒక్క పిసరు ఎక్కువ జరిపితే పెన్సిలుతో రాసిన సర్వే నంబరు కూడా దానితోపాటే పోతుంది. రంగు తీసేసి బూడిదరంగు చేస్తే ఇంకొంత తగ్గుతుంది. పూర్తిగా నలుపు తెలుపు చేస్తే బాగా తగ్గుతుంది గానీ నీలం స్టాంపు, వేలిముద్ర అలుక్కుపోతాయి. స్టాంపు లేని రసీదు రసీదే కాదు. కేబీకి, స్టాంపుకు మధ్య ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్లే ఈ పనికి పనికొస్తారు.

ఇదంతా ఫారం మీద రాసిన హద్దుకు లోబడి చేసే పని. 2022 వానాకాలంలో నాకు ఎదురైంది ఫారం మీద రాయని హద్దు.

అడవి అంచు ఊరి నుంచి ఒక కోయ అమ్మాయి డిగ్రీ స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు వచ్చింది. ఒక ప్రైవేటు సంస్థది. సర్టిఫికెట్ 100 కేబీ లోపు ఉండాలని ఫారం మీద రాసి ఉంది. వాళ్ల నాన్న కాగితం పొగ కాగితమే. గంట కూర్చుని స్టాంపు చెడకుండా 99కి దించాను. నొక్కాను. "ఏదో పొరపాటు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి" అని ఇంగ్లిషులో వచ్చింది. మళ్లీ ప్రయత్నించాను. రాత్రి ప్రయత్నించాను. మరో కంప్యూటరు మీద, ఫోను మీద ప్రయత్నించాను. ఆఖరికి బాగా నొక్కి 90కి దించితే ఎక్కింది. నాలుగు రోజులకు అమ్మాయికి మెసేజీ వచ్చింది: స్టాంపు కనపడటం లేదు, మళ్లీ పంపండి.

నా దగ్గర రెండేళ్లు పనిచేసి హైదరాబాదులో సర్వర్ల ఉద్యోగానికి వెళ్లిన కుర్రాడు ఒకడున్నాడు. ఫోను చేశాను. "ఎఫ్12 కొట్టక్కా, నెట్‌వర్క్ అని ఉంటది, ఎర్రగా వచ్చిన లైను పక్కన నంబరు చూడు" అన్నాడు. చూశాను. 413. "సైజేనక్కా. ఎంత దాకా పోతుందో, ఎక్కడ ఆగుతుందో రాసి పెట్టు" అన్నాడు. అదే కాగితాన్ని రకరకాల సైజుల్లో చేసి నోటుబుక్కులో రాసుకున్నాను. 88 ఎక్కింది. 99 లేదు. 92 ఎక్కింది. 98 లేదు. 95 ఎక్కింది. 97 లేదు. సాయంత్రం ఆ పేజీ ఫొటో తీసి పంపితే వెంటనే ఫోను చేశాడు. "తొంభై ఆరు దగ్గర గీత ఉందక్కా. నూట ఇరవై ఎనిమిదిలో ముప్పావు వంతు తొంభై ఆరు. ఇది ఫైర్‌వాల్ పని."

వెబ్ అప్లికేషన్ ఫైర్‌వాల్ అంటే మా వైపు వాళ్లకు అటవీ శాఖ చెక్‌పోస్టు అని చెబితే సరిపోతుంది. 1979 నుంచి సారపాకలో కాగితపు మిల్లు ఉంది. దానికి వెదురు, జామాయిల్ లోడు పోయే దారుల్లో పుట్టి పెరిగిన మాకు తనిఖీ కొత్త కాదు. లారీ ఆగాలి, పర్మిట్ చూపాలి, లోడు కింద టేకు దుంగ దాచలేదని గార్డు చూసుకోవాలి. వెబ్ సైటు ముందు కూడా అట్లాంటి కాపలా అవసరం పడింది. 1998 డిసెంబరులో ఫ్రాక్ అనే పత్రికలో రెయిన్ ఫారెస్ట్ పప్పీ అనే మారుపేరుతో జెఫ్ ఫారిస్టాల్ ఒక సంగతి బయటపెట్టాడు. సైటులోని పెట్టెలో పేరుకు బదులు డేటాబేసు ఆజ్ఞ రాసి పంపితే లోపలి డేటాబేసు దాన్ని పాటిస్తుందని. ఆ మరుసటేడు పర్ఫెక్టో అనే కంపెనీ యాప్‌షీల్డ్ పేరుతో ఇట్లాంటి కాపలాను అమ్మకానికి పెట్టింది. 2002లో ఇవాన్ రిస్టిచ్ మోడ్‌సెక్యూరిటీని ఉచితంగా ఇచ్చాడు. 2008లో, కార్డు చెల్లింపులు తీసుకునే సైట్లు తమ కోడు తనిఖీ చేయించుకోవాలి, లేదా ఇట్లాంటి ఫైర్‌వాల్ పెట్టుకోవాలి అని కార్డు కంపెనీల నియమం గట్టిపడింది. కోడు తనిఖీ చేయించడం కంటే ఫైర్‌వాల్ పెట్టుకోవడం తేలిక కాబట్టి అది ఎక్కడ పడితే అక్కడికి వచ్చేసింది.

గార్డు లోడు విప్పి చూడాలంటే దింపుకోవడానికి జాగా కావాలి. ఫైర్‌వాల్‌కు ఆ జాగా మెమొరీ. ఎవరైనా కావాలని పెద్ద పెద్ద లోడులు వరసగా పంపితే మెమొరీ నిండి కాపలాయే కూలిపోతుంది. అందుకని ఇంతకు మించితే విప్పను, వెనక్కి తిప్పేస్తాను అని హద్దు పెట్టుకుంటుంది. మోడ్‌సెక్యూరిటీతోపాటు వచ్చే నమూనా అమరికలో రెండు హద్దులున్నాయి. ఫైలుగా వచ్చేదాన్ని కలుపుకుని మొత్తానికి 12.5 ఎంబీ. ఫైలు కాకుండా ఉత్త అక్షరాలుగా వచ్చేదానికి 131072 బైట్లు, అంటే 128 కేబీ. పేరు, చిరునామా, ఊరు రాయడానికి 128 కేబీ బోలెడు. అది పెట్టినవాళ్ల తప్పు లేదు.

ఆ స్కాలర్‌షిప్పు సైటు కట్టినవాళ్లు బొమ్మను ఫైలుగా పంపలేదు. బేస్64 అనే పద్ధతిలో అక్షరాలుగా మార్చి, పేరు చిరునామాలతోపాటు కలిపి పంపారు. ఆ పద్ధతిలో ప్రతి మూడు బైట్లూ నాలుగు అక్షరాలవుతాయి. 96 కేబీల బొమ్మ 128 కేబీల అక్షరాలు. ఇక 99 కేబీలంటే 132. ఫారం మీద వందన్నది ఒకరు, చెక్‌పోస్టు దగ్గర అమరిక పెట్టింది మరొకరు, బొమ్మను అక్షరాలు చేసింది ఇంకొకరు. ముగ్గురూ ఒకచోట కూర్చుని ఒక పొగ కాగితాన్ని ఎక్కించి చూసి ఉంటే ఆ నాలుగు కేబీల గండి ముందే తెలిసేది. తెల్ల కాగితం ఉన్నవాళ్లెవరికీ ఆ గండి కనపడదు, వాళ్లది 70 దగ్గరే ఆగుతుంది.

నోటుబుక్కు పేజీ జతచేసి ఆ సంస్థకు ఉత్తరం రాశాను. సాంకేతిక సంగతి కుర్రాడు రాసిచ్చాడు. మొదట వచ్చిన జవాబు "85 కేబీకి తగ్గించి పంపగలరు" అని. తగ్గిస్తే స్టాంపు పోతుందని, దాని గురించే మీరు దరఖాస్తు తిప్పి పంపారని మళ్లీ రాశాను. తొమ్మిది రోజులకు సరిచేశారు. కొందరు ఇట్లాంటి చిక్కు వచ్చినప్పుడు ఫైర్‌వాల్‌నే ఆపేస్తారు. నేను దానికి ఒప్పుకోను. ఆ సైటులో మా ఊరి పిల్లల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్నాయి. ఆ వివరాల ముందు కాపలా ఉండాల్సిందే. ఇంకొందరు హద్దును సైటు మొత్తానికి పెంచేస్తారు, అదీ తలుపు బార్లా తెరవడమే. ఈ సంస్థవాళ్లు బొమ్మను అక్షరాలుగా కాక ఫైలుగానే పంపేట్టు మార్చారు. అప్పుడది 12.5 ఎంబీల లెక్కలోకి వస్తుంది. ఫైర్‌వాల్‌లో ఒక్క అంకె కూడా మార్చాల్సిన పని పడలేదు. దానితోపాటు 413 వచ్చినప్పుడు "మీ ఫైలు పెద్దది" అని తెలుగులో కనపడేట్టు చేశారు. నా మట్టుకు ఆ రెండోదే పెద్ద మరమ్మతు. అమ్మాయిని పిలిచి, కాగితాన్ని రంగులోనే మళ్లీ స్కాన్ చేసి, 99 దగ్గర ఆపి నొక్కాను. ఎక్కింది.

ఆ తరువాత మరో రకం గడప కూడా తగిలింది. ఇక్కడ ఫైలే లేదు.

అమెజాన్ 2015లో తన క్లౌడులో ఫైర్‌వాల్ పెట్టింది. దానికి తయారుగా ఇచ్చే నియమాల్లో ఒకటి, ఫారంలో వచ్చే సరుకు 8 కేబీ దాటితే 403 అని తిప్పేస్తుంది. 403 అంటే నీకు ప్రవేశం లేదు అని, సైజు మాటే ఎత్తదు. ఫైళ్లు తీసుకునే సైట్లవాళ్లు ఆ నియమాన్ని ఫైలు ఎక్కించే చిరునామా వరకు ఆపకుండా, లెక్కపెట్టి వదిలేట్టు మార్చుకోవాలి, మిగతా చోట్ల ఉంచుకోవాలి. అది సరైన మరమ్మతే. కానీ ఇంగ్లిషులో ఆలోచించి చేసినవాళ్లకు తట్టని సంగతి ఒకటుంది. ఇంగ్లిషు అక్షరం ఒక బైటు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం మూడు. గుణింతం విడిగా మూడు, సున్న విడిగా మూడు, వత్తు కోసం వేసే పొల్లు విడిగా మూడు. మామూలు ఫారంలో పంపేటప్పుడు ఆ ఒక్కో బైటూ మళ్లీ మూడు గుర్తులవుతుంది. అంటే ఒక్కోదానికి తొమ్మిది. మా ఊరి పేరు ఇంగ్లిషులో రాస్తే పన్నెండు బైట్లు. తెలుగులో చండ్రుగొండ అని రాస్తే చ, సున్న, డ, పొల్లు, ర, ఉకారం, గ, ఒకారం, సున్న, డ: పది. పదీ తొమ్మిదుల తొంభై. 8 కేబీల్లో ఇంగ్లిషు మాటలు వెయ్యికి పైగా పడతాయి. తెలుగువి నూటపదికి అటూ ఇటూ.

పోయిన ఏడాది ఒక పెద్దాయన పొలం హద్దుల గొడవ గురించి ఒక సైటులో అర్జీ పెట్టించాడు. "నేను చెప్పినట్టే రాయి బిడ్డా" అన్నాడు. వాగు ఎక్కడ వంక తిరుగుతుందో, ఏ బండ దగ్గర వాళ్ల నాన్న గట్టు వేశాడో చెబుతూ పోయాడు. రెండు పేజీలైంది. నొక్కితే 403. టైపు రోజుల అటెండరు మాట గుర్తొచ్చింది. అప్పుడు ఒక్క పేజీలో ముగించమన్నవాడు కనీసం ఎదురుగా ఉన్నాడు. ఆ సైటులో ఫైళ్లు ఎక్కించే చిరునామాకు మినహాయింపు ఇచ్చారు గానీ రాసే పెట్టెను మరిచారని, నాలుగైదు సార్లు కత్తిరించి చూస్తే తేలింది. అందుకని అర్జీ మొత్తాన్ని పీడీఎఫ్ చేసి జతచేశాను. పెట్టెలో "వివరాలు జతచేసిన కాగితంలో ఉన్నాయి" అని ఒక్క వాక్యం రాశాను. సైటువాళ్లకు తెలుగు అక్షరాల లెక్క కూడా రాసి పంపాను. అర్జీ పంపేముందు పీడీఎఫ్ చదివి వినిపించమని పెద్దాయన అడిగాడు, చదివాను. మొదటి పేజీ అయిపోగానే ఆపి, "ఇప్పచెట్టు రాలేదే?" అన్నాడు. పడమటి హద్దు అదేనట. రెండో పేజీలో నాలుగో వరసలో ఉంది, చూపించాను.